పదిహేడో ఉత్తరం

"మీ ఆవిడకి చెప్పు, పంచదార డబ్బా పై అరలోకి మార్చానని," అన్నారు అత్తగారు.

సదరు ఆవిడ మూడడుగుల దూరంలో, చేతిలో చెంచాతో నిలబడే ఉంది. చెప్పవలసిన కొడుకు ఆ ఇద్దరి మధ్య కుర్చీలో కూర్చుని రొట్టె ముక్క నములుతున్నాడు.

"విన్నానని చెప్పండి," అంది కోడలు.

"విందటమ్మా," అన్నాడు కొడుకు, నోట్లో ముక్క మింగకుండానే.

బుధవారం సాయంత్రం మొదలైన వరస ఇది. ఇవాళ శుక్రవారం. ఆ కొడుకు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఈ రెండు రోజుల్లో బడిలో గీయించిన బొమ్మల కంటే ఇంట్లో ఈ గదినుంచి ఆ గదికి మోసిన కబుర్లే ఎక్కువ. జీతం పెంచకపోతే ఈ కబుర్లు మోసే ఉద్యోగం మానేస్తానని నిన్న రాత్రి అన్నం దగ్గర అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడే అతనికి సంగతి ముదిరిందని అర్థమైంది.

పంతొమ్మిదేళ్ళుగా ఈ అత్తాకోడళ్ళు ఒక కప్పు కింద ఉంటున్నారు. పోట్లాడుకోలేదని నేను అబద్ధం చెప్పను. రోజూ పోట్లాడుకునేవారు. కిటికీ తెరవాలా ముయ్యాలా అని, టీవీలో వార్తలు ఎంత గట్టిగా పెట్టాలి అని, కూరలో ఉప్పు ఎవరి చెయ్యి తగిలి ఎక్కువైంది అని. నోరారా పోట్లాడుకుని, పావుగంటకల్లా పక్కపక్కన కూర్చుని టీ తాగేవారు. పక్కింటివాళ్ళకి ఆ గోల వినకపోతే ఊళ్ళో లేరేమో అనుకునే అలవాటు. అలాంటి ఇంట్లో మాట పడిపోవడమంటే గడియారం ఆగిపోవడం లాంటిదే.

దీనంతటికీ కారణం ఒక మోకాలి పట్టీ.

కోడలు ప్రభుత్వ లాయరు. వస్తువుల పేరు చెప్పి జనాన్ని ముంచే కంపెనీల మీద నేరం మోపి, కోర్టులో నిలబెట్టే విభాగానికి పెద్ద. ఆఫీసులో ఆమెను 'భూతద్దం' అంటారు. ఏ కాయితమైనా ముందు వైపు చూడకుండా తిప్పి వెనక వైపు చిన్న అక్షరాలు చదవడంతో మొదలుపెడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మొదట్లో చాటుగా అనేవారు. ఇప్పుడు ఎదురుగానే అంటారు. ఆమెకూ అది ఇష్టమే, పైకి ఒప్పుకోదు గాని.

పట్టీ కంపెనీ కేసు ఆమె రెండేళ్ళ కష్టం. నలభై రోజుల్లో మోకాళ్ళ నొప్పి మాయమవుతుందని ఇంటింటికీ మనుషుల్ని పంపి అమ్మారు. విప్పి చూస్తే లోపల ఒక చిన్న బ్యాటరీ, వెచ్చబడే తీగ, అంతే. కొనేవాళ్ళ చేత ఒక కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ కాయితం వెనక, చీమ కాలంత అక్షరాల్లో, ఇది నొప్పి తగ్గించే సాధనం కాదు, అలంకార వస్తువు మాత్రమే అని అచ్చు వేశారు. మోకాలికి అలంకారమేమిటని అడిగితే, చదివే కదా సంతకం పెట్టారు అని వాళ్ళ జవాబు. మోసపోయామని ఫిర్యాదు ఇచ్చినవాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది. వాళ్ళలో ఎవరి కుడి మోకాలు నొప్పి, ఎవరి ఎడమ మోకాలు నొప్పి కూడా భూతద్దానికి కంఠతా వచ్చు. సోమవారం విచారణ మొదలు.

ఆమెకు ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. అవతలివాళ్ళు కోర్టుకు ఇచ్చిన ప్రతి కాయితాన్నీ విచారణకు ముందు తానే పైకి చదువుతుంది, మిగతా లాయర్లంతా చుట్టూ కూర్చుని వింటారు. కన్ను దాటేసిన మాటను చెవి పట్టుకుంటుందని ఆమె నమ్మకం. బుధవారం మధ్యాహ్నం అలాగే, పట్టీ వాడి బాగుపడ్డామంటూ జనం రాసినట్టు కంపెనీ దాఖలు చేసిన ముప్ఫై ఉత్తరాలు చదువుతోంది. పదహారు అయ్యాయి. పదిహేడోది ఎత్తింది.

'నేను ముప్ఫై ఏళ్ళు బట్టల కొట్టులో గుడ్డ కొలిచిన మనిషిని. నన్ను ఎవరూ అంగుళం కూడా మోసం చెయ్యలేదు, నేనూ ఎవరినీ చెయ్యలేదు. మీ పట్టీ పెట్టుకున్నాక మూడంతస్తుల మెట్లు ఎక్కుతున్నాను. మా ఇంట్లో చట్టం తెలిసినవాళ్ళు కూడా కాయితం చూసి బాగుందన్నారు.'

చివరి వాక్యానికి బల్ల చుట్టూ కొందరు నవ్వారు. భూతద్దం కూడా నవ్వబోయి, కింద సంతకం చూసింది. దాని కింద తన ఇంటి నంబరు ఉంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ మాట అన్నవాళ్ళకు ఇలాంటి కేసు ఎప్పుడైనా తగిలిందో లేదో.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, భుజం మీది బ్యాగు దింపకుండానే అడిగింది. పట్టీ కొన్నారా అంటే, కొన్నానన్నారు అత్తగారు. రెండున్నరేళ్ళు అయిందన్నారు. ఉత్తరం మీరే రాశారా అంటే, నేనే రాశానన్నారు. కంపెనీ మనిషి పక్కన కూర్చుని రాయించాడా అంటే, నాకు రాయడం రాదా అని ఎదురడిగారు. ఆ చట్టం వాక్యం మాత్రం వాడు చెప్పిందే అయి ఉంటుందనుకుంది కోడలు. అంతవరకు బాగానే ఉంది, రోజూ జరిగే పోట్లాటలాగే ఉంది. అప్పుడు కోడలు ఒక మాట అంది.

"రోజూ నేను చదివేది ఇలాంటి కాయితాలే కదా అత్తయ్యా. సంతకం పెట్టేముందు ఒక్కసారి నాకు చూపిస్తే ఏం పోయేది?"

అత్తగారు కోడలి మొహంలోకి చూశారు. ఏదో చెప్పబోయి, పెదవి కదిపి, మానేశారు. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. అప్పటినుంచి కోడలితో మాట లేదు.

మాట తగిలింది అనుకుంది కోడలు. ముప్ఫై ఏళ్ళు ఎవరి చేతా మోసపోని మనిషికి, మోసపోయావని మొహం మీద చెబితే తగలదా మరి.

* * *

శుక్రవారం పొద్దున డైరెక్టరుగారు పిలిచి తలుపు వేయమన్నారు. ఆయన మంచి మనిషే. చెప్పదలుచుకున్నది రెండు ముక్కల్లో చెప్పి, రెండో ముక్క చెప్పేటప్పుడు కిటికీలోంచి చూశారు.

ఉత్తరం ఉత్తరంలాగే ఉంటే మీ అత్తగారు అవతలివాళ్ళ సాక్షి అవుతారు. సొంత అత్తగారిని బోనులో నిలబెట్టి ప్రశ్నలు వేస్తానంటే ఏ జడ్జీ ఊరుకోడు. కాబట్టి కేసు మీరు వదులుకోవాలి. అలాకాక ఆవిడే ఉత్తరాన్ని వెనక్కి తీసుకుని, మిగతా నాలుగు వందల మందిలాగే జరిగింది జరిగినట్టు వాంగ్మూలం ఇస్తే, ఆ ఒక్క సాక్షిని మీ డిప్యూటీ చూసుకుంటారు. మిగతాదంతా మీరే నడపండి. శనివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి తేలాలి. ఇదీ ఆయన చెప్పింది.

డిప్యూటీ అంటే కామాగారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. ఎవరు ఏ కాయితం తెచ్చినా ముందు అందులో కామా ఎక్కడ తప్పిందో చూసి, ఆ తర్వాతే విషయం చదువుతాడు. భూతద్దం కుర్చీ ఆయనకు రావలసిందని ఆఫీసులో అనుకునేవాళ్ళున్నారు. ఆయన మాత్రం ఎప్పుడూ అనలేదు. డైరెక్టరుగారి గదిలోంచి ఆమె బయటికి వచ్చేసరికి వరండాలో నిలబడి ఉన్నాడు.

"ఈ కేసు నాకొద్దు మేడమ్," అన్నాడు. "వస్తే నడుపుతాను. కానీ నాకొద్దు."

అది ఆయన నోట వచ్చిన అతి మెత్తని మాట అని తర్వాత ఆఫీసంతా చెప్పుకున్నారు.

సాయంత్రం ఇంటికి చేరిన కోడలికి చెప్పలేని చిక్కు వచ్చి పడింది. అత్తగారిని అడగాలి, కానీ అడగకూడదు. ఆవిడ ఇప్పుడు అత్తగారు మాత్రమే కాదు, కేసులో సాక్షి. సాక్షి దగ్గరికి వెళ్ళి, మీరు చెప్పకపోతే నా కేసు పోతుంది అనడం ఒత్తిడి తేవడమే. అలా చేసిన లాయర్లకు తానే స్వయంగా రెండుసార్లు నోటీసులు ఇచ్చింది. అందుకని సోఫాలో కూర్చుని అరగంట పేపరు చదివింది. మొదటి పేజీ దాటలేదు.

మాస్టారు అది గమనించి గదిలోకి పిలిచి అడిగాడు. ఆమె చెప్పింది. రెండేళ్ళు తిరిగి తిరిగి పోగుచేసిన కేసు సోమవారం తన చేతిలో ఉండకపోవచ్చంది. ఆ నాలుగు వందల మందికీ నేను మాట ఇచ్చానండీ, అంది. చివర్న కళ్ళు తుడుచుకుని, ఈ సంగతి మీ అమ్మకు చెప్పడానికి వీల్లేదు, చెబితే ఒత్తిడి కిందికి వస్తుంది అని గట్టిగా హెచ్చరించింది.

"నేను లాయర్ని కాను కదా," అన్నాడు మాస్టారు.

"లాయరు మొగుడు కూడా చెప్పకూడదు."

సరేనన్నాడు. సరేనని తిన్నగా తల్లి గదికి వెళ్ళాడు. మొగుళ్ళ సరేలు ఎలా ఉంటాయో చదివే ఆడవాళ్ళకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

తల్లి మంచం మీద కూర్చుని చొక్కాకు గుండీ కుడుతున్నారు. కొడుకు నిలబడే అంతా చెప్పాడు. ఆవిడ సూది ఆపకుండా విన్నారు.

"మీ ఆవిడ చెప్పమందా?"

"చెప్పొద్దంది."

ఆవిడ దారం కొరికి, చొక్కా మడిచి పక్కన పెట్టారు.

"నేను మాట్లాడకపోతే దాని కేసు పోతుంది. అంతేనా?"

"అంతేనమ్మా."

"మాట్లాడితే ఉంటుంది."

"ఉంటుంది."

"మరి ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా. మాట్లాడకపోతేనే దానికి మంచిదనుకుని కూర్చున్నాను నేను," అన్నారు ఆవిడ. ఆ మాటేమిటో కొడుక్కి అర్థం కాలేదు. అడిగేలోగా ఆవిడే, "ఆ కామాని రేపు రమ్మను," అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు కోడలితో మాట్లాడలేదు గాని, అడక్కుండానే కూర రెండోసారి వడ్డించారు. కోడలు అడ్డు చెప్పకుండా తింది. సగం గండం గడిచిందని ముగ్గురూ లోపల్లోపల అనుకున్నారు. మాస్టారైతే పైకే ఈల వేశాడు. రెండు రోజుల తర్వాత ఆ ఇల్లు మళ్ళీ ఇల్లులా అనిపించింది.

* * *

అత్తగారు రమ్మన్నారని మాస్టారు ఫోను చేస్తే, శనివారం మూడింటికి కామాగారు వచ్చాడు. చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు, క్లిప్పుకు ఫారాలు, జేబులో ఒకటికి రెండు కలాలు. అత్తగారు టీ ఇవ్వబోతే వద్దన్నాడు. సాక్షి ఇంట్లో టీ తాగితే రేపు అవతలి లాయరు దాన్ని లంచం అంటాడట. మంచినీళ్ళు అయినా తాగమంటే, కాసేపు ఆలోచించి, నీళ్ళకు అభ్యంతరం లేదన్నాడు.

తర్వాత కోడలి సంగతి వచ్చింది. వాంగ్మూలం తీసుకునే చోట మేడమ్ ఉండకూడదు, వీధిలోకి వెళ్ళాలి అన్నాడు కామాగారు. అత్తగారికి ఒళ్ళు మండింది.

"పొయ్యి మీద కూర ఉంది. అది వీధిలోకి వెళితే కూర మాడుతుంది. మాడిన కూర మీరు తింటారా?"

కామాగారు నియమాల పుస్తకంలో కూర గురించి ఏమీ లేదని గుర్తు చేసుకున్నట్టున్నాడు. వంటింట్లో ఉండవచ్చునని, నోరెత్తకూడదని తీర్పు చెప్పాడు. హాలుకూ వంటింటికీ మధ్య తలుపు లేదు, పరదా మాత్రమే. పరదాకు ఇవతల మొగుడూ పెళ్ళాలు చెరో పీట మీద కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీయడం మొదలుపెట్టారు. నలుగురు తినే ఇంట్లో కూడా అక్కర్లేనన్ని తీశారు.

మొదట్లో అంతా హాయిగా సాగింది. పట్టీ అమ్మడానికి వచ్చినమ్మాయి ఎంతసేపు కూర్చుంది, ఏం చెప్పింది, నలభై రోజులు అన్న మాట ఎన్నిసార్లు అంది, అన్నీ అత్తగారు కొలిచినట్టు చెబుతున్నారు. నొప్పి నిజంగా తగ్గిందా అని కామాగారు అడిగాడు.

తగ్గిందన్నారు ఆవిడ. పట్టీ ఉందన్న ధైర్యంతో రోజూ మెట్లెక్కడం, పార్కు దాకా నడవడం మొదలుపెట్టారట. ఉత్తరం రాసింది ఆ ఊపులోనేనట. రెండు నెలలకు బ్యాటరీ అయిపోయింది. ఆవిడకు తెలీదు, అలాగే కట్టుకుని నడిచారు. ఇంకా తగ్గింది.

"బ్యాటరీ చచ్చిపోయాక కూడా నొప్పి తగ్గుతుంటే అప్పుడు వచ్చింది నాకు అనుమానం," అన్నారు అత్తగారు. "తగ్గించింది పట్టీ కాదు, నా కాళ్ళే అని."

పరదా ఇవతల మాస్టారు నవ్వు ఆపుకోలేక మోచేత్తో నోరు మూసుకున్నాడు. కోడలు కూడా నవ్వింది. ఇంతకంటే మంచి సాక్షి రెండేళ్ళలో తనకు దొరకలేదు. ఇలాంటి మనిషినా రెండు రోజులు గదిలో కూర్చోబెట్టాను అనుకుంది. సాయంత్రం ఎలాగైనా తానే ముందు పలకరించాలనుకుంది.

కామాగారు పేజీ తిప్పాడు. ఫారంలో ప్రశ్నలన్నీ భూతద్దం స్వయంగా రాసినవే. తొమ్మిదో ప్రశ్న మీద ఆమెకు కాస్త గర్వం కూడా ఉంది. చదివే సంతకం పెట్టారు అనే కంపెనీ వాదనను విరగ్గొట్టేది ఆ ప్రశ్నకు వచ్చే జవాబులే.

"సంతకం పెట్టేముందు ఈ కాయితం ఇంట్లో ఎవరికైనా చూపించారా? చూపిస్తే వాళ్ళేమన్నారు?"

"ఎవరికీ చూపించలేదు."

కోడలి చేతిలో కత్తి ఆగింది. జవాబు మరీ తొందరగా వచ్చింది. నాలుగు వందల పన్నెండు మందిని ఈ ప్రశ్న అడిగారు. ఒక్కరూ ఒక్క ఊపిరిలో చెప్పలేదు. ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు, ఎవరు బయటికి వెళ్ళారు అని తలుచుకుని తలుచుకుని చెప్పారు.

కామాగారు కూడా రాయడం ఆపాడు. ఉత్తరంలో మరి చట్టం తెలిసినవాళ్ళు చూసి బాగుందన్నారని రాశారు కదమ్మా, అని గుర్తు చేశాడు.

"అదా? ఏదో గొప్పకి రాశాను."

గొప్పకా. ముప్ఫై ఏళ్ళు గుడ్డ కొలిచి, ఎవరికీ అంగుళం తక్కువ ఇవ్వక, అంగుళం ఎక్కువ చెప్పని మనిషి. వయసు అడిగితే నెలలతో సహా చెప్పే మనిషి. ఆవిడ గొప్పకి ఒక వాక్యం రాశారంటే ఎవరైనా నమ్మవచ్చు, పంతొమ్మిదేళ్ళు ఆవిడతో కాపురం చేసిన కోడలు నమ్మలేదు. నమ్మలేక ఆలోచించింది. ఆలోచిస్తే గుర్తొచ్చింది.

ఒక పొద్దున. కోటులో ఒక చెయ్యే దూరింది, రెండోది ఇంకా దూరలేదు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరుక్కుని ఉంది, అవతల కోర్టు గుమస్తా. గుమ్మంలో చెప్పుల కోసం కాలితో వెతుకుతోంది. అత్తగారు ఒక గులాబీ రంగు కాయితం పట్టుకుని వచ్చారు. అమ్మాయ్, ఇది ఒకసారి చూడు అన్నారు. తను చూసింది. పైన పెద్ద అక్షరాలు, కింద గుండ్రటి ముద్ర. తిప్పలేదు. బాగానే ఉంది అత్తయ్యా, పెట్టెయ్యండి అని మెట్లు దిగింది.

ఆఫీసుకు వచ్చినవన్నీ తెల్ల కాయితం మీద తీసిన నకళ్ళు. నాలుగు వందల సార్లు చదివినా ఆ గులాబీ రంగు ఆమెకు గుర్తు రాకపోవడానికి అదొక కారణం. రెండో కారణం, ఇంట్లో మనిషి ఇచ్చిన కాయితం కాబట్టి దాన్ని కాయితంగానే చూడలేదు.

నాకు చూపిస్తే ఏం పోయేది అని తను అడిగింది. చూపించానని అత్తగారు ఆ క్షణాన ఒక్కమాట అనవచ్చు. అనలేదు. నోరు తెరిస్తే కోడలి పరువు పోతుందని రెండు రోజులు నోరు మూసుకున్నారు. మూసుకుంటే కేసు పోతుందని తెలిసి, ఇవాళ నోరు తెరిచి అబద్ధం చెప్పారు.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు గుసగుసగా.

"నేను చూశానండీ ఆ కాయితం. నాకు చూపించారు."

మాస్టారు పెళ్ళాం మొహం చూశాడు, పరదా వైపు చూశాడు. చాలా నెమ్మదిగా అన్నాడు, "నిన్ను ఎవరూ అడగలేదు కదా."

నిజమే, ఎవరూ అడగలేదు. చేతిలో దుంప చెక్కు తీసుకుంటూ కూర్చుంటే చాలు. పదిహేడో ఉత్తరం పోతుంది, సోమవారం కేసు తనదవుతుంది. భూతద్దం అనే పేరు మీద మచ్చ పడదు. తనకు గుర్తొచ్చిందని ఈ లోకంలో మొగుడికి తప్ప తెలీదు. ఆమెకు భయం వేసింది. ఊరుకోవడం ఎంత తేలికో తెలిసినందుకు వేసింది ఆ భయం.

హాల్లో కామాగారు రాసింది పైకి చదువుతున్నాడు. ఎవరికీ చూపించలేదు, కామా, ఉత్తరంలో రాసింది గొప్ప కోసం, ఫుల్‌స్టాప్. ఇక్కడ సంతకం పెట్టండమ్మా అన్నాడు. కలం మూత తీసిన చప్పుడైంది.

కోడలు కత్తి కింద పెట్టి లేచి పరదా తీసింది.

"సంతకం పెట్టకండి అత్తయ్యా."

కామాగారు కుర్చీలోంచి సగం లేచాడు. మీరు లోపల ఉండాలి మేడమ్ అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి చెప్పింది.

"ఆ కాయితం నాకు చూపించారు. నేను చూశాను. బాగానే ఉంది పెట్టెయ్యండి అని నేనే అన్నాను."

అత్తగారు కోడలి వైపు చూడలేదు. ఆమె వెనకాల వచ్చి నిలబడ్డ కొడుకు వైపు చూసి, "మీ ఆవిడకి చెప్పు, ఊరుకోమని," అన్నారు.

"ఈ ఒక్కటీ నేను మొయ్యనమ్మా," అన్నాడు కొడుకు.

కామాగారు మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. వెనక వైపు చూశారా అని అడిగాడు. తిప్పలేదు అంది ఆమె. ఎంతసేపు చూశారు అని అడిగాడు. ఫోను చెవి దగ్గరే ఉంది, రెండు క్షణాలు అంది. ఆయన అట్ట మీద స్కేలు పెట్టి, తొమ్మిదో ప్రశ్న కింద రాసిన రెండు వాక్యాలనూ తిన్నగా కొట్టేశాడు.

"ప్రభుత్వ లాయరే చూసి బాగుందన్నప్పుడు మా తప్పేముందంటారు వాళ్ళు," అన్నాడు, ఆమెతో కాదు, కాయితంతో చెబుతున్నట్టు. "భూతద్దానికే కనబడనిది మామూలు మనుషులకు ఎలా కనబడుతుందని మనం అనొచ్చు. ఏది నెగ్గుతుందో నాకు తెలీదు మేడమ్. ఒకటి మాత్రం తెలుసు. ఈ కేసులో మీరిక లాయరు కారు."

ఆమె తల ఊపింది. రెండేళ్ళు అలా ఒక్క వాక్యంలో చేయి జారిపోయాయి. ఏడుపు వస్తుందనుకుంది గాని రాలేదు. ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది.

కామాగారు క్లిప్పు లాగి కొత్త ఫారం పైకి తీశాడు. దాని నెత్తిన సాక్షి అన్న మాట పక్కన నాలుగు వందల పద్నాలుగు అని వేశాడు. ముఖం ఎత్తి, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు ఆమెను చూసి, మొదటి ప్రశ్న మొదలుపెట్టాడు. పూర్తి పేరు, వృత్తి చెప్పండి.

ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది. అత్తగారు సోఫాలో ఓ పక్కకు జరిగి, పక్కన చేత్తో తట్టారు. బుధవారం తర్వాత మొదటిసారి, మధ్యలో ఎవరూ లేకుండా, తిన్నగా కోడలితోనే అన్నారు.

"ఇలా వచ్చి కూర్చో అమ్మాయ్. నిలబడి చూసినందుకే ఇంతదాకా వచ్చింది."